రాయగడలో ఉండి క్యాట్‌కి చదవాలి, పాత కోచింగ్ సెట్ కొనొచ్చా?

తమ్ముడూ, మాది కూడా రాయగడే. ఐఐఎం అనే మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్‌కి కోచింగ్ తీసుకోడానికి విశాఖ వెళ్లే స్తోమత లేదు, తెలిసినాయన పాత మెటీరియల్ మొత్తం ఐదు వేలకి ఇస్తానంటున్నాడు, తీసుకోనా అని అడిగావు కదా, సెట్ మొత్తం మాత్రం తీసుకోకు. నేను తీసుకున్నా. పార్వతీపురంలో ఒకాయన దగ్గర కొని రెండు గోనె సంచుల్లో వేసి ప్యాసింజర్‌లో సీటు కింద పెట్టుకుని తెచ్చుకున్నా, ఇరవైకి పైగా పుస్తకాలు, వాటిని చూస్తేనే సగం చదివేసినంత ధైర్యం వచ్చేసింది. మూడు నెలలయ్యాక చూసుకుంటే తెరిచినవి నాలుగు, పూర్తి చేసింది ఒక్కటీ లేదు. ఏది పట్టుకున్నా ఇంకోదాంట్లో ఇంతకన్నా మంచి లెక్కలున్నాయేమో అనిపించేది, టైమంతా అలాగే పోయింది.

ముందు ఆ సెట్‌లో మాక్ పేపర్, అంటే నమూనా పరీక్ష పేపర్ ఒకటి తీసి చూడు. మూడు గంటలు, వంద ప్రశ్నలు అని ఉంటే అది 2019 వరకు ఉన్న ప్యాటర్న్. 2020 నుంచి రెండు గంటలే, సెక్షన్‌కి 40 నిమిషాలు, 2024లో మొత్తం ప్రశ్నలు 68. క్వాంట్, అంటే లెక్కల పుస్తకాలు పాతవైనా పర్లేదు, లెక్క లెక్కే. మాక్‌లు, వెర్బల్ అంటే ఇంగ్లీష్ పుస్తకాలు మాత్రం పాతవి వద్దు. నాకొచ్చిన వాటిలో సినానిమ్స్, ఆంటోనిమ్స్ పుస్తకం ఒకటి ఇంత లావుది, రోజుకి ముప్పై మాటలు బట్టీ పట్టా, క్యాట్‌లో ఇప్పుడు అలాంటి ప్రశ్నలే రావట్లేదని చాలా ఆలస్యంగా తెలిసింది. వెర్బల్‌లో 24 ప్రశ్నలుంటే 16 ప్యాసేజీల మీదే.

మన ఊరి పిల్లలకి అసలు కష్టం అక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీష్ అంటే పరీక్ష ముందు గైడ్‌లో చదివిందే. నేనైతే ప్యాసేజీలో ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకునేవాణ్ణి, చివరికొచ్చేసరికి మొదట ఏం చెప్పాడో మర్చిపోయేవాణ్ణి. దానికి ఏ మెటీరియలూ పని చెయ్యలేదు, చదవగా చదవగా పోయిందంతే. ఏయాన్ అనే సైట్‌లో పొడుగు వ్యాసాలు ఫ్రీగా ఉంటాయి, క్యాట్ ప్యాసేజీలు కొన్ని అక్కడి నుంచే తీసుకున్నారు. రోజుకొకటి చదివి, ఫోన్ పక్కన పడేసి, రాసినాయన ఏమంటున్నాడు, ఎవరి మాట కాదంటున్నాడు అని తెలుగులోనే రెండు లైన్లు రాసుకునేవాణ్ణి. మొదట్లో ఒక్కోదానికి గంట పట్టేది, నాలుగో నెలకి ఆ మార్చుకోవడం దానంతట అదే ఆగిపోయింది. నువ్వు మాత్రం ఇది ఇవాళే మొదలుపెట్టు, మిగతావి రేపు కొనుక్కున్నా పర్లేదు.

డీఐఎల్ఆర్, అంటే పట్టికలు, లాజిక్ పజిళ్ల సెక్షన్‌కి విడిగా పుస్తకం అక్కర్లేదు, 2017 నుంచి వచ్చిన పాత పేపర్లు చాలు, ఒక్కో పజిల్‌కి గంట పట్టినా సరే జవాబు చూడకుండా కూర్చో.

ఆ ఐదు వేలు ఆన్‌లైన్ మాక్ సిరీస్ మీద పెట్టు. రాసిన ప్రతి మాక్‌కీ నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకో, తప్పు చేసినవి, వచ్చినా టైం చాలక వదిలేసినవి, వదిలెయ్యాల్సింది పోయి పట్టుకుని వేలాడినవి. నావన్నీ మూడో గడిలోనే ఉండేవి. ఒకసారి కుళాయిలు తొట్టి లెక్క ఒక్కదానికే ఏడు నిమిషాలు పెట్టా, అదీ తప్పు, వస్తాయనుకున్న మూడు మార్కులు రాకపోగా ఉన్నదాంట్లోంచి ఒకటి పోయింది, దాని తర్వాత జవాబు టైప్ చేసేవి రెండున్నాయి, వాటికి నెగెటివ్ కూడా ఉండదు, వాటిని తెరవనేలేదు. ఇలాంటిది ఏ పుస్తకంలోనూ దొరకదు, నీ నోట్‌బుక్‌లోనే కనపడాలి. పరీక్ష ముందు ఐఐఎం వాళ్లే సైట్‌లో ఫ్రీ మాక్ పెడతారు, అది కంప్యూటర్ మీదే రాయి, ఫోన్‌లో వద్దు.

లెక్కల్లో బేస్ తక్కువ అనిపిస్తే ముందు తొమ్మిది, పది ఎన్‌సీఈఆర్‌టీ మ్యాథ్స్ చేసెయ్. ఇక ఆ పాత మెటీరియల్ అమ్ముతానన్న ఆయన్ని క్వాంట్ పుస్తకాలు విడిగా ఇస్తారా అని అడుగు, ఇస్తే అవొక్కటే తెచ్చుకో.