గుహలోకి దిగే తాడు ఎన్ని కిలోలు మోస్తుందని కాదు, ఎక్కడ రాసుకుంటుందని అడగండి

మీ ప్రశ్న: "మేం నలుగురం స్నేహితులం తాడుతో గుహల్లోకి దిగుదామనుకుంటున్నాం. కేవింగ్ నిజంగా అంత ప్రమాదమా? హార్డ్‌వేర్ షాపులో దొరికే నైలాన్ తాడు 300 కిలోలు మోస్తుందట, సరిపోతుందా?"

సరిపోదు. అసలు ఆ తాడు చాలాసార్లు నైలాన్ కూడా కాదు. బకెట్ నీళ్లలో ఒక ముక్క వేసి చూడండి. తేలిందంటే అది పాలీప్రొపిలీన్, గడ్డి మోపులు కట్టుకోవడానికి బాగుంటుంది. 160 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. దాని మీద బరువుతో సర్రున జారితే పుట్టే వేడే దానికి శత్రువు.

మా నాయన కల్లు గీసేవాడు. రోజూ పొద్దున మోకు భుజాన వేసుకునే ముందు మూర మూర చొప్పున వేళ్ల మధ్య నుంచి జార్చి చూసేవాడు. ఎక్కడైనా పోగు లేచినట్టు తగిలితే ఆ రోజు చెట్టెక్కేది లేదు, ఎవరెన్ని చెప్పినా సరే. తాడు గురించి నాకు తెలిసినదాంట్లో సగం అక్కడిదే. మిగతా సగం బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు రామనగర బండల మీద ఎక్కడం నేర్చుకుంటే వచ్చింది.

కొన్నేళ్ల కిందట ఆఫీసు వాళ్లతో నంద్యాల వైపు టూర్ వెళ్లాం. బెలూం గుహలు మూడు కిలోమీటర్ల పైచిలుకు ఉంటాయి, అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా లైట్లు పెట్టి, దారి వేసి చూపిస్తారు. మా టీమ్ లీడ్‌కి అది ఆనలేదు. బయట గొర్రెలు కాసుకునే పెద్దాయన్ని పట్టుకుని, ఇంకెక్కడైనా బిలం ఉందా అని ఆరా తీశాడు. ఆయన చేల మధ్య నాపరాళ్లలో ఒక బొక్క చూపించి, "రెండు తాటిచెట్ల లోతుంటాది సారూ, దిగొద్దు" అన్నాడు. దిగొద్దన్న మాట తప్ప మిగతాదంతా మావాళ్లకు వినపడింది. దగ్గర్లోని ఊళ్లో పచ్చరంగు ప్లాస్టిక్ తాడు కొనుక్కొచ్చి తుమ్మచెట్టు మొదలుకి కట్టేశారు. తలకి బైక్ హెల్మెట్, చేతిలో ఫోన్ లైటు. టూర్ బడ్జెట్‌లో సగం "ఎక్స్‌ప్లోరర్స్" అని ప్రింటు కొట్టించిన టీషర్టులకే పోయిందని ఇక్కడ మనవి.

నేను వాదన పెట్టుకోలేదు. ఒక గోనెసంచి తెప్పించి, మనిషి బరువుకి తక్కువే ఉండేలా రాళ్లు నింపి, ఆ తాడుకే కట్టి బొక్కలోకి వదిలాం. విరిగిన నాపరాయి అంచు గొడ్డలి వాదరలా ఉంటుంది. దిగే మనిషి అటూ ఇటూ ఊగుతాడు కదా, అలాగే సంచిని ఊపమన్నాను. కొంచెం సేపటికే రాయి అంచున పచ్చటి నూగు రాలడం మొదలైంది. తర్వాత ఒక పురి విడిపోయి మెలికలు తిరిగి పైకి లేచింది. రెండోది తెగడం ఎవరూ చూడలేదు, చప్పుడే విన్నాం. సంచి కిందికి పోయింది.

"బస్తా కాబట్టి తెగింది. మనిషైతే చూసుకుని దిగుతాడు" అన్నాడు మా లీడ్. దానికేం జవాబు చెప్తాం? హైదరాబాద్ చేరేదాకా నాతో మాట్లాడలేదు.

నన్నడిగితే, గుహ అనగానే చీకటి, పాములు, గబ్బిలాలు అని జడుసుకునేవాళ్లు అసలు భయపడాల్సిన దానికి భయపడటం లేదు. 1952లో ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులోని పియేర్ సాంమార్తాఁ గుహలో మార్సెల్ లూబాఁ అనే పేరున్న అన్వేషకుడు ఉక్కు తీగ మీద 300 మీటర్ల పైన లోతుకు దిగాడు. తిరిగి పైకి లాగుతుంటే తీగ తెగలేదు. తీగను ఆయన నడుం పట్టీకి కలిపే క్లాంపు ఊడింది. పడి, ఒకటిన్నర రోజు కొట్టుకుని చనిపోయాడు. శవాన్ని పైకి తేవడానికి 1954 దాకా పట్టింది. 2009 నవంబరులో అమెరికాలోని యూటాలో నట్టీ పుట్టీ గుహలో ఒక 26 ఏళ్ల వైద్య విద్యార్థి సన్నటి సందులో తలకిందులుగా ఇరుక్కున్నాడు. రక్షకులు తాళ్లు, కప్పీలు బిగించి కొంత పైకి లాగారు కూడా. అంతలో తాడుకు ఊతంగా ఉన్నది రాతి నుంచి ఊడిపోయింది, అతను మళ్లీ కిందికి జారాడు. బతకలేదు. ఆ గుహను శాశ్వతంగా మూసేశారు. కాబట్టి తాడు ఎంత లావుందని చూసి సంబరపడేవాళ్లు, దాని రెండో కొస దేనికి కట్టారో కూడా ఒకసారి చూడాలి. ముడి వేసిన చోట తాడు బలంలో ఎలాగూ మూడో వంతు దాకా తగ్గిపోతుంది.

గాలి సంగతి ఎవరూ అడగరు. 1959లో ఇంగ్లండ్‌లోని పీక్ కావెర్న్‌లో ఒక కుర్ర విద్యార్థి ఇరుకు బిలంలో చిక్కుకుంటే, లాగబోయిన తాడు తెగింది. ఈలోగా అతని ఊపిరి నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడే అడుగున పేరుకుని ప్రాణం తీసింది. మన ఊళ్లలో బావి పూడిక తీయడానికి దిగినవాడు పడిపోవడం, వాణ్ణి తేవడానికి ఇంకొకడు దిగి అక్కడే పడిపోవడం పేపర్లో చదువుతూనే ఉంటాం. నడుముకి తాడు కట్టి దింపి ఉంటే, ఇంకొకరు దిగకుండా పైనుంచే లాగొచ్చు. ఆ ఒక్క పని చేయరు.

సామాను మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తా. తరతరాలుగా గీత కార్మికులు ఒక్క మోకును నమ్ముకుని తాటిచెట్లెక్కారు. అది జారితే పట్టుకునేది ఇంకోటి లేదు. నడుములు విరిగి మంచాన పడ్డవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. తెలంగాణలో 'కాటమయ్య రక్ష' పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలైంది 2024లో! సరదాకి బండలెక్కే మాకు అవే సామాన్లు ఎప్పుడో దొరికాయి. పొట్టకూటికి ఎక్కేవాళ్లకు ఇన్నేళ్లు పట్టింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సరే, మీ నలుగురి విషయం. ముందు తాడు కొనకండి, నేర్పేవాళ్లను వెతుక్కోండి. మేఘాలయలో పెద్ద గుహలున్నాయి, అనుభవమున్న బృందాలూ ఉన్నాయి, వాళ్ల వెంట వెళ్లండి. కొనే రోజు వస్తే గుహలకు వాడేది స్టాటిక్ రోప్, అంటే పెద్దగా సాగనిది. లోపల దారాల కట్ట, పైన అల్లిన తొడుగు, సుమారు 10 మిల్లీమీటర్ల లావు. బండలెక్కడానికి వాడే సాగే తాడు ఇక్కడ వద్దు, దాని మీద వేలాడితే పైకీ కిందికీ ఊగుతూ అంచుకు రాసుకుంటూనే ఉంటుంది. అంచు తగిలే చోట తాడుకు తొడుగు వేయాలి, లేదా అంచు తగలకుండా కింద ఇంకో చోట కట్టుకోవాలి. అడుగు కొసన ముడి తప్పనిసరి, లేకపోతే కొస అయిపోయిందని తెలిసేలోపే జారిపోతారు. మనిషికి మూడు లైట్లు, ఫోన్ అందులో లెక్క కాదు. ఎన్నింటికి బయటికొస్తారో పైన ఒకరికి చెప్పి దిగండి.

చవగ్గా వస్తుందని సెకండ్‌హ్యాండ్ తాడు మాత్రం తీసుకోకండి. కారు డిక్కీలో బ్యాటరీ యాసిడ్ సోకిన నైలాన్ తాడు చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. అమ్మేవాడికి కూడా తెలియకపోవచ్చు.