టెక్ సందేహాలు: డాకర్ సర్వర్‌కి కొత్త ఉబుంటు

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్‌లో ఉబుంటు 20.04 ఉంది. దాని మీద డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఒక పాత జావా 8 అప్లికేషన్, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ నడుస్తున్నాయి. 24.04కి మారాలి. కంటైనర్లకు కింద ఉన్న ఓఎస్‌తో పనిలేదు, ఏమీ కాదంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. లైబ్రరీలు కంటైనర్ లోపలే ఉంటాయి కానీ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) మాత్రం సర్వర్‌దే. పోస్ట్‌గ్రెస్‌ని నేరుగా ఉబుంటు మీద పెట్టుకున్నవాళ్లకి జీలిబ్‌సీ (అక్షరాల వరుసను కూడా నిర్ణయించే ఓఎస్ లైబ్రరీ) మారి ఇండెక్సులు చెడే భయం ఉంటుంది. మీకు ఆ బెడద లేదు. మీకు చిక్కు జావాతోనే.

20.04లో మెమరీ పరిమితులను కెర్నల్‌లోని సీగ్రూప్ అనే వ్యవస్థ వెర్షన్ 1 చూసుకునేది. 22.04 నుంచి వెర్షన్ 2 వచ్చింది. జావా 8లో అప్‌డేట్ 372 కంటే పాతవాటికి ఇది అర్థం కాదు. కంటైనర్‌కి మీరు 2 జీబీ ఇచ్చినా, సర్వర్‌లో 32 జీబీ ఉంటే అదంతా తనదే అనుకుని అందులో నాలుగో వంతు, అంటే 8 జీబీ వరకు హీప్ (జావా డేటా ఉంచుకునే మెమరీ) పెంచుకుంటూ పోతుంది. 2 జీబీ దాటగానే కెర్నల్ దాన్ని చంపేస్తుంది. అప్లికేషన్ లాగ్‌లో ఎర్రర్ ఏమీ కనిపించదు, ఎగ్జిట్ కోడ్ 137 ఒక్కటే మిగులుతుంది. 372 లేదా ఆ తర్వాతి అప్‌డేట్ ఉన్న ఇమేజ్‌కి (కంటైనర్ తయారయ్యే మూస) ముందే మారండి. అది కుదరకపోతే ఎక్స్‌ఎంఎక్స్ ఆప్షన్‌తో హీప్‌ని ఒకటింపావు జీబీకి కట్టేయండి. కెర్నల్ బూట్ లైన్‌లో పాత సీగ్రూప్‌కి తిప్పే మార్గమూ ఉంది గానీ, నాలుగు రోజులు గడుపుకోవడానికి తప్ప నేను సలహా ఇవ్వను.

20.04 నుంచి 24.04కి ఒకేసారి దూకలేరు, మధ్యలో 22.04 తప్పదు. రెండో సర్వర్‌కి వీలుంటే 24.04 కొత్తగా వేసి, కంటైనర్లను అక్కడ పరీక్షించి మార్చుకోవడమే మేలు. ఏదైనా తేడా వస్తే పాతది అలాగే ఉంటుంది.

ఉన్న సర్వర్‌లోనే చేయాలంటే ముందు పోస్ట్‌గ్రెస్ డంప్ (డేటా మొత్తాన్ని ఎగుమతి చేసిన ఫైల్) తీసి వేరే మెషీన్‌లో పెట్టండి. డేటాబేస్ నడుస్తుండగా వాల్యూమ్ ఫోల్డర్‌ని (దాని డేటా ఉండే చోటు) కాపీ చేస్తే అది బ్యాకప్ కిందకి రాదు. కంపోజ్ ఫైల్లో (కంటైనర్ల సెట్టింగులు రాసే ఫైల్) పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌కి 'లేటెస్ట్' అని ఉంటే ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ నంబర్ రాయండి. లేకపోతే కొత్త ఇమేజ్ దిగి, పాత డేటా ఫోల్డర్‌ని చదవలేక మొరాయిస్తుంది. డాకర్ స్టోరేజ్ డ్రైవర్ (ఇమేజ్‌లను డిస్కులో దాచే పద్ధతి) ఏదో కూడా చూసుకోండి. ఓవర్‌లే2 అయితే సరే. ఏయూఎఫ్ఎస్ అయితే ముందు మార్చుకోవాలి, డాకర్ 24 నుంచి దాన్ని తీసేశారు.

కంటైనర్లను ఒక్కొక్కటిగా చేత్తో ఆపకండి. రీస్టార్ట్ పాలసీ 'అన్‌లెస్-స్టాప్డ్' అయితే, మీరు ఆపినవి రీబూట్ తర్వాత వాటంతట అవి లేవవు. డాకర్ సర్వీసునీ, దాని సాకెట్‌నీ (కమాండ్లను అందుకునే ద్వారం) ఆపితే చాలు. సాకెట్‌ని వదిలేస్తే ఎవరో ఒక డాకర్ కమాండ్ కొట్టగానే సర్వీసు మళ్లీ లేస్తుంది.

ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా చేస్తుంటే, అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్ అత్యవసరానికి 1022 పోర్టులో ఇంకో ఎస్ఎస్‌హెచ్ తెరుస్తుంది. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుకి మీ ఐపీ వరకే అనుమతి ఇవ్వండి, పని అయ్యాక తీసేయండి.

ప్రశ్న: 22.04కి మారాక డాకర్‌కి అప్‌డేట్లు రావడం లేదు. డాకర్-కంపోజ్ కమాండ్ కూడా పనిచేయడం లేదు.

జవాబు: అప్‌గ్రేడ్ సమయంలో బయటి రిపాజిటరీలను (ప్యాకేజీలు దిగే చోట్లు) ఉబుంటు ఆపేస్తుంది. ఆప్ట్ సోర్సుల ఫోల్డర్లో డాకర్ ఫైల్ తెరిచి, ఆపేసిన లైన్‌ని మళ్లీ చాలు చేయండి. అందులో 'ఫోకల్' (20.04 పేరు) ఉన్నచోట 'జామీ' (22.04 పేరు) అని మార్చండి.

కంపోజ్ సంగతికొస్తే, మీది పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే సాధనం) వేసిన వెర్షన్ 1 అయి ఉండాలి. పైథాన్ 3.8 పోయి 3.10 వచ్చేసరికి దాని ప్యాకేజీలు కనిపించకుండా పోయాయి. 2023 జులై నుంచి దానికి అప్‌డేట్లూ లేవు. కాబట్టి బాగుచేసే ప్రయత్నం మానేసి, డాకర్ కంపోజ్ ప్లగిన్ వేసుకోండి. కమాండ్‌లో హైఫన్ బదులు ఖాళీ వస్తుంది. కంటైనర్ల పేర్లలో అండర్‌స్కోర్ల బదులు హైఫన్లు వస్తాయి. బ్యాకప్ స్క్రిప్టులో పాత పేరు రాసి ఉంటే ఆ రాత్రి నుంచే బ్యాకప్ ఆగిపోతుంది, ముందు దాన్ని వెతికి మార్చండి.