బుల్లెట్‌కు బయటి సీటు కొనాలా, ఉన్న సీటునే బాగు చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తుంటే గంట దాటేసరికి కూర్చోలేకపోతున్నారు. దుకాణంవాళ్లు జెల్ సీటు తీసుకోమంటున్నారు. వెనుక మీ ఆవిడ కూడా కూర్చుంటారు. కొత్త సీటు కొనాలా, ఉన్నదానికే స్పాంజి మార్పించాలా అని అడుగుతున్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. కంపెనీ ఇచ్చిన సీటు బేస్‌ను, అంటే అడుగున ఉండే గట్టి పలకను, మార్చకుండా, చేయి తిరిగిన సీటు మేస్త్రీ దగ్గర లోపలి ఫోమ్ మార్పించుకోండి. అంత ఓపిక లేదు, రెడీమేడే కావాలంటే బండి కంపెనీ దూర ప్రయాణాలకని మీ మోడల్ కోసమే అమ్మే టూరింగ్ సీటు చూడండి. ‘అన్ని బుల్లెట్లకూ సరిపోతుంది’ అని అమ్మే సీటు జోలికి మాత్రం పోవద్దు.

ఈ మాట ఊరికే అనడం లేదు. నాదీ అదే బండి, అదే రోడ్డు. మా బావమరిదిదీ అదే బండి. అతను ఆన్‌లైన్‌లో మందపాటి జెల్ సీటు తెప్పించి బిగించుకున్నాడు, నేను మేస్త్రీ దగ్గర చేయించుకున్నాను. కలిసి వెళ్లినప్పుడు సూర్యాపేటలో టీకి ఆగి, అక్కడి నుంచి బళ్లు మార్చుకోవడం మాకు అలవాటు. కాబట్టి రెండు సీట్లనూ ఒకే రోజు, ఒకే ఎండలో, ఒకే నడుముతో పోల్చి చూసే వీలు దొరికింది.

అతని సీటు మీద కూర్చోగానే ‘అబ్బ, ఎంత హాయిగా ఉంది’ అనిపిస్తుంది. అది కల్యాణ మండపంలో పెళ్లికొడుకు కూర్చునే సోఫా లాంటి హాయి. కోదాడ చేరేలోపే మనిషి అందులో కూరుకుపోయి, ఎటు జరిగినా అడుగున ఉన్న గట్టి బేస్ తగలడం మొదలవుతుంది. నా సీటు మీద మొదట కూర్చున్నవాళ్లు ‘ఇదేమిటి, ఇంత గట్టిగా ఉంది’ అంటారు. రెండు గంటల తర్వాత వాళ్లు సీటు మాటే ఎత్తరు.

దీనికి కారణం మన శరీరంలోనే ఉంది. కూర్చున్నప్పుడు బరువు పిరుదుల లోపల ఉండే రెండు ఎముకల మీద పడాలి. చెక్క బల్ల మీద కూర్చుని అటూ ఇటూ కదిలి చూడండి, అవి ఎక్కడున్నాయో తెలుస్తుంది. సీటు ఆ రెండు ఎముకలకూ సరిపడా వెడల్పుగా, వాటిని నిలబెట్టేంత గట్టిగా ఉండాలి. ఫోమ్ మరీ మెత్తగా ఉంటే ఎముకలు లోపలికి దిగిపోతాయి. అప్పుడు చుట్టూ ఉన్న కండరం, వెన్నుపూస చివర ఉండే తోక ఎముక ఆ బరువు మోయాల్సి వస్తుంది. తిమ్మిరి, మంట అక్కడి నుంచే పుడతాయి. అమెరికాలో, ఇప్పుడు కాలిఫోర్నియాలోని హోలిస్టర్‌లో ఉన్న కార్బిన్ అనే సంస్థ 1968 నుంచి బైకు సీట్లు చేస్తోంది. పేరున్న సంస్థ కదా అని దూదిలాంటి సీటు ఆశించి కొన్నవాళ్లు మొదట కంగు తింటారు, అది అంత గట్టిగా ఉంటుంది. దూర ప్రయాణాలు చేసేవాళ్లు మాత్రం కోరి దాన్నే కొనుక్కుంటారు.

దుకాణంలో బొటనవేలితో నొక్కి ‘మెత్తగా ఉంది’ అనుకోవడం వల్ల ఏమీ తేలదు. వేలి బరువు వేరు, మనిషి బరువు వేరు. వీలుంటే సీటు బిగించిన బండి మీద కనీసం అరగంట కూర్చోండి, నడిపితే మరీ మంచిది. అలా కుదరదని దుకాణంవాళ్లు విసుక్కుంటే అక్కడి నుంచి లేచి రండి.

ఇక ఫోమ్ సంగతి. దుకాణాల్లో ‘32 డెన్సిటీ’, ‘40 డెన్సిటీ’ అని గొప్పగా చెబుతారు. అది ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. గట్టిదనం లెక్క వేరే ఉంటుంది. ఒకే డెన్సిటీలో మెత్తనిదీ దొరుకుతుంది, గట్టిదీ దొరుకుతుంది. డెన్సిటీ ఎక్కువైతే ఫోమ్ ఎక్కువ కాలం ఆకారం నిలుపుకుంటుంది, అంతవరకే. బండి తయారీదారులు ఇచ్చే సీట్లలో ఫోమ్ అచ్చులో పోసి చేస్తారు, అందుకే దానికి ఒక ఒంపు, అంచుల్లో ఒక బిగువు ఉంటాయి. చవక రెడీమేడ్ సీట్లలో ఎక్కువగా పలకల్లా కోసిన స్పాంజిని ఒకదాని మీద ఒకటి సొల్యూషన్‌తో అంటిస్తారు.

మా బావమరిది సీటును ఒకసారి మేస్త్రీ ముందు విప్పించాం. నోస్‌ప్లయర్‌తో స్టేపుల్ పిన్నులు ఒక్కొక్కటీ పీకి రెగ్జిన్‌ను తోలు ఒలిచినట్టు వెనక్కి తీస్తే, పైన రెండు వేళ్ల మందాన పసుపు స్పాంజి, దాని కింద రంగురంగుల ముక్కలు నొక్కి చేసిన పలక కనిపించాయి. నీలం, గులాబీ, ఆకుపచ్చ, ఎక్కడెక్కడి పరుపుల తాలూకు ముక్కలో! మధ్యలో అరచేతి కన్నా కాస్త పెద్ద జెల్ ముక్క ఒకటి, అదీ ఎముకలు ఆనే చోటు కన్నా ముందుకు జరిపి పెట్టారు. మేస్త్రీ నవ్వి, ‘సార్, ఈ జెల్ పెట్రోలు ట్యాంకుకు పనికొస్తుంది’ అన్నాడు. ఆ ముక్కల పలకను తప్పు పట్టక్కర్లేదు. అడుగు పొరగా అది బాగానే పనిచేస్తుంది, బరువుకు తొందరగా కుంగదు. దాని మీద వేసిన పసుపు స్పాంజి నాసిరకం కావడం, సీటు ఎవరి కొలతకూ చేసినది కాకపోవడం అసలు లోపాలు.

జెల్ గురించి అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జెల్ కుంగదు, పక్కలకు జరిగి బరువును పంచుతుంది. సరైన చోట, పైన పలుచని ఫోమ్ పొర ఉంచి అమరిస్తే ఉపయోగమే. అయితే అది వేడిని పట్టి ఉంచుకుంటుంది. మే నెలలో విజయవాడలో బండిని గంటసేపు ఎండలో నిలిపి వచ్చి ఎక్కితే నల్ల రెగ్జిన్ కాస్త గాలికి చల్లబడుతుంది, కింది జెల్ మాత్రం చాలాసేపు సెగ వదులుతూనే ఉంటుంది. మెమరీ ఫోమ్‌కు ఇంకో చిక్కు. అది వేడికి మెత్తబడి చలికి బిగుసుకుంటుంది, మన ఎండల్లో ముద్దలా కూరుకుపోతుంది. గాలి నింపే గదుల కుషన్ సీటు మీద కట్టుకుంటే దూర ప్రయాణంలో నిజంగా సుఖంగా ఉంటుంది. అయితే అందులో గాలి చాలా తక్కువ ఉండాలి, పిరుదులు సీటుకు వేలు మందం ఎత్తులో తేలితే చాలు. నిండా ఊదితే మలుపుల్లో మనిషి అటూ ఇటూ ఊగుతాడు.

మేస్త్రీ దగ్గరికి వెళ్లే ముందు రెండు చిన్న పనులు చేయండి, ఖర్చు లేనివే. వెనుక జేబులోని పర్సు తీసేయండి. నవ్వకండి, ఒక పక్క ఎముకను ఎత్తి పెట్టి నడుము వంకర చేసేది చాలాసార్లు అదే. తర్వాత టైర్ల గాలి, వెనుక షాక్ అబ్జార్బర్ల బిగింపు చూసుకోండి. మీ బండిలో దానికి ఆరు మెట్లు ఉంటాయి. ఇద్దరు ఎక్కుతారని ఎవరో పై మెట్టుకు బిగించి వదిలేస్తే, ఒక్కరే నడిపేటప్పుడు ప్రతి గుంతా నేరుగా వెన్నుకు తగులుతుంది. ఆ తప్పును సీటు మీద వేస్తే సీటు ఏం చేస్తుంది?

ఇంకో మాట. పాత క్లాసిక్‌లో ముందు సీటు కింద స్ప్రింగులు ఉండేవి. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌లో (దీన్ని జె సిరీస్ అంటారు, మీదీ ఇదే అనుకుంటున్నాను) అవి లేవు, ఛాసిస్ కూడా వేరు. అందువల్ల పాత బండి ఉన్న మిత్రుడు ‘నేను ఫలానా సీటు వేయించాను, అద్భుతం’ అంటే అది మీ బండికి వర్తించదు. ఆ సీటు బిగించడమే కుదరకపోవచ్చు.

ఇప్పుడు మేస్త్రీ పని. హైదరాబాదులో అయితే పుత్లీబౌలి వైపు బైకు సామాన్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. అక్కడ కవర్లు తొడిగేవాళ్లే ఎక్కువ, ఫోమ్‌ను చెక్కి ఆకారం తెచ్చేవాళ్లను వెతుక్కోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ, బస్సు సీట్లు కుట్టేవాళ్లకు ఫోమ్ గురించి బాగా తెలుసు, అయితే బైకు సీటుకు కావలసిన ఒంపు అందరి చేతికీ రాదు. మేస్త్రీని ఎంచుకునేటప్పుడు కవర్ల రంగుల పుస్తకం చూడకండి. ‘నన్ను బండి మీద కూర్చోబెట్టి కొలత చూస్తారా?’ అని అడగండి. మా మేస్త్రీ నన్ను కూర్చోమని, చాక్‌పీసుతో పిరుదులు ఆనిన చోటు గీసుకుని, ఆ గీత వెంట కత్తితో పాత ఫోమ్ కోసి, అక్కడ మందమైన గట్టి ఫోమ్ అంటించాడు. తర్వాత గ్రైండర్‌కు గరుకు చక్రం తగిలించి అంచులు గుండ్రంగా అరగదీశాడు. పొట్టు మంచులా ఎగిరి అతని మీసాలు తెల్లబడిపోయాయి. కవర్ వేయకముందే, ఉత్త ఫోమ్ మీద కూర్చోబెట్టి, ‘ఊరవతల దాకా వెళ్లి రండి సార్’ అని పంపాడు. అలా పంపేవాడు దొరికితే వదులుకోవద్దు.

ఆకారంలో మూడు సంగతులు గమనించండి. మన సీట్లకు మామూలుగా ట్యాంకు వైపు వాలు ఉంటుంది, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారి, మళ్లీ వెనక్కి జరుగుతూ ఉంటాం. ఆ వాలు తగ్గించి, కూర్చునే చోటు దాదాపు చదునుగా చేయించండి. తొడలు దిగే ముందు అంచు గుండ్రంగా ఉండాలి, లేకపోతే తొడ వెనుక నరం నొక్కుకుని కాలు తిమ్మిరెక్కుతుంది. ఇక ఎత్తు. మీ బండి సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మీరు పొడగరి కాకపోతే ఒక అంగుళం పెంచినా సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడాలి, పైగా బండి బరువు 195 కిలోలు. సీటు ఎత్తు పెంచకుండా వెడల్పు పెంచినా ఇదే చిక్కు, కాళ్లు పక్కలకు విచ్చుకుని నేల అందదు. వెడల్పంతా వెనుక భాగంలో ఉండాలి, ముందు సన్నబడాలి.

కవర్ విషయంలో మన జనం మోసపోయేది డైమండ్ కుట్టు దగ్గర. చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ ప్రతి కుట్టూ సూది పొడిచిన రంధ్రమే, వాన నీరు అక్కడి నుంచి ఫోమ్‌లోకి దిగుతుంది. పైకి తుడిస్తే ఆరినట్టే ఉంటుంది, కూర్చున్నాక బరువుకు నీళ్లు పైకి ఊరి ప్యాంటు తడుస్తుంది. మా బావమరిది వానాకాలమంతా సీటు మీద పాలిథిన్ సంచి పరిచి తిరిగాడు. కుట్లు పైన వద్దని, పక్కల్లో మాత్రమే వేయమని చెప్పండి. కవర్‌కూ ఫోమ్‌కూ మధ్య పలుచని ప్లాస్టిక్ షీటు వేయించండి. రెగ్జిన్ సాగే గుణం ఉన్నది కావాలి. సోఫాలకు వాడే మందపాటి రెగ్జిన్ వేసి బిగదీస్తే అది డప్పు తోలులా నిలబడి, కింద ఎంత మంచి ఫోమ్ ఉన్నా దాని గుణం తెలియనివ్వదు. నిజమైన తోలు మన ఎండకు, వానకు ఆగదు, ఆ ముచ్చట వద్దు. ఎండకు వేడెక్కకుండా పైన వల కవర్ వేసుకోవచ్చు, అయితే అది జారకుండా కింద గట్టిగా కట్టి ఉండాలి.

బేస్ ఎందుకు మార్చవద్దన్నానో ఇప్పుడు చెబుతాను. కంపెనీ బేస్ కింద ముందు కొక్కెం, వెనుక బిగించే చోట్లు, ఫ్రేమ్ మీద ఆనే రబ్బరు బుష్‌లు అన్నీ ఆ బండి కొలతకే ఉంటాయి. బయటి సీట్లలో ఒక బుష్ ఎత్తు తేడా వచ్చినా సీటు కదులుతూ కిర్రుమంటుంది, లేదంటే కింద వైర్లను నొక్కి ఒరుసుకుపోతుంది. మా బావమరిది బండిలో వెనుక లైటు ఉన్నట్టుండి ఆరిపోయింది, మెకానిక్ సీటు ఎత్తి చూస్తే వైరు తొడుగు అరిగి రాగి బయటపడి ఉంది. మీరు ఏ సీటు వేయించినా బిగించాక ఒకసారి తీసి, కింద వైర్ల మీద ఒత్తిడి గుర్తులు ఉన్నాయేమో చూడండి.

చివరగా మీ ఆవిడ సీటు. ముందు సీటు వెనుక అంచు మందం చేయిస్తే వెనుక కూర్చున్నవారికి చోటు తగ్గుతుంది, మోకాళ్లు ఇబ్బంది పడతాయి. చీర కట్టుకుని పక్కకు కూర్చునే అలవాటు ఉంటే వెనుక సీటు వెడల్పుగా, చదునుగా ఉండాలి. గుండ్రని చిన్న సీటు మీద ఆమె గుంత వచ్చినప్పుడల్లా జారుతారు. కొన్ని బయటి సీట్లు బిగించాలంటే పట్టుకునే కడ్డీ తీసేయాలంటారు. ఒప్పుకోవద్దు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనుక మనిషి కూర్చునే వీలున్న మోటారు సైకిలుకు చేతితో పట్టుకునే ఏర్పాటు, కాళ్లు పెట్టుకునే చోటు, బట్టలు చక్రంలో పడకుండా వెనుక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. మేస్త్రీ దగ్గరికి ఆమెను కూడా తీసుకెళ్లండి. కవర్ మూయకముందు ఆమె కూడా కూర్చుని చూడాలి, అంచు ఎక్కడ గుచ్చుకుంటోందో ఆమె చెబితేనే మేస్త్రీకి తెలుస్తుంది.