గోడ చెమ్మ నేలదా, షవర్‌దా? మాకు కాలువలు కట్టేసినప్పుడు తెలిసింది

పాలకొల్లు దగ్గర మీ ఇల్లు కట్టి తొమ్మిదేళ్ళయిందన్నారు. బాత్రూమ్ పక్క పడకగదిలో స్కర్టింగ్ పైన రంగు పొక్కులు లేస్తోందని, మేస్త్రి చూసి "ఇది నేల చెమ్మ, మన వైపు మామూలే" అన్నాడని రాశారు. ఇది షవర్ లీకేజీ కావచ్చా, ముదరకముందే ఎలా కనిపెట్టాలి అని మీ ప్రశ్న. కావచ్చండి. మేస్త్రి మాటలో అబద్ధం లేదు. కానీ సరిగ్గా అదే మాట నమ్మి ఊరుకోబట్టి మా ఇంట్లో ఏడాదిన్నర పాటు గోడ లోపల్లోపలే నానింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి వెనకే పంట కాలువ. కాలువ నిండుగా పారే రోజుల్లో పెరట్లో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. ఇటుక గోడ ఆ తడిని కింద నుంచి పీల్చుకుంటుంది. అది ఆరేటప్పుడు ఉప్పు తెల్లగా పైకి తేలి, లప్పం పొడిపొడిగా రాలుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి గోడ తడిస్తే ఇంకో కారణం ఉంటుందన్న ఆలోచనే రాదు. డెల్టాలో షవర్ లీకేజీ ఆలస్యంగా బయటపడటానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

మొదట కనిపెట్టింది అమ్మ. బాత్రూమ్ గోడకు ఆనుకుని ఉన్న అల్మరాలో కింది అరలో ఉప్పాడ చీర దాచుకుంది. పెళ్ళికని తీస్తే మడత అంచున బూజు మచ్చలు, ఒకటే ముక్కిన వాసన. వర్షాకాలం కదా అనుకుని ఎండలో వేశాం. తర్వాత అదే మూల స్కర్టింగ్ సందులోంచి చీమలు వరసకట్టాయి. మందు చల్లాం. ఇంకొన్ని నెలలకు బాత్రూమ్ ద్వారబంధం అడుగున చెక్క నల్లబడి, గోరుతో నొక్కితే దిగిపోయేంత మెత్తబడింది. ఈ మూడూ ఒకే మూలలో జరుగుతున్నాయని మాకు తట్టలేదు. మీ ఇంట్లో వీటిలో ఏ రెండు కలిసి కనిపించినా అనుమానించండి.

ఎండాకాలంలో కాలువలు కట్టేశారు, అంటే నీళ్ళు ఆపేశారు. మేలో మా ఇంట్లో మిగతా గోడలన్నీ ఆరిపోయాయి, ఉప్పు తుడిస్తే పొడిగా రాలింది. ఈ ఒక్క మూల మాత్రం చెయ్యి పెడితే చల్లగా తగులుతూనే ఉంది. అప్పుడు నాన్న ఆ తడి మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేశారు. అదే సమయానికి సెలవులకని అక్క పిల్లలు ముగ్గురు వచ్చారు. ఉక్కపోత కాబట్టి ఒక్కొక్కరు రోజుకు రెండుసార్లు షవర్ కింద నిలబడేవారు. పది రోజుల్లో మచ్చ గీతను దాటి రెండు అంగుళాలు పైకి వచ్చింది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారని పిల్లలు వెళ్ళిపోయారు. అప్పటికి కాలువలు మళ్ళీ పారుతున్నాయి. నేల చెమ్మే అయితే ఇక పెరగాలి. మచ్చేమో గీత వైపు వెనక్కి తగ్గింది. దాంతో మాకు అనుమానం తీరింది. ఆ తడి కాలువ వెంట కాదు, స్నానాల వెంట నడుస్తోంది.

మీరూ ముందు ఆ పెన్సిల్ గీతే గీయండి. నాలుగు రోజులు ఆ బాత్రూమ్‌లో షవర్ వాడకండి, బకెట్ స్నానం కూడా వద్దు, ఇంకో చోట చేయండి. తర్వాత నాలుగు రోజులు మామూలుగా వాడండి. గోడ మెల్లగా ఆరుతుంది కాబట్టి ఒక్క రోజులో తేల్చేయకూడదు. ఇంకో తేడా కూడా చూడండి. నేల చెమ్మ సాధారణంగా గది పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో పట్టీలా ఉంటుంది, మిగతా గోడల్లోనూ కనిపిస్తుంది. లీకేజీ అయితే ఒక చోట ముద్దలా మొదలై, అంచులు వంకరగా వ్యాపిస్తుంది.

చాలామంది ట్యాంకు పరీక్ష చేసి లీకేజీ లేదని తేల్చేస్తారు. రాత్రి మోటారు ఆపి, ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టి, తెల్లారి ఎవరూ కుళాయి తిప్పకముందు చూడటమే ఆ పరీక్ష. మంచిదే, నేనూ చేశాను. మట్టం కదల్లేదు. ప్లంబర్ "పైపులు బాగున్నాయి" అని వెళ్ళిపోయాడు. కానీ మిక్సర్ (వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే కుళాయి) నుంచి షవర్ దాకా గోడలో పైకి వెళ్ళే పైపులోకి షవర్ తిప్పినప్పుడే నీళ్ళు వస్తాయి. మిగతా సమయమంతా దానికి ట్యాంకుతో సంబంధం ఉండదు. అక్కడి లీకేజీని ట్యాంకు పరీక్ష ఏ జన్మకీ పట్టుకోలేదు.

దానికి వేరే పరీక్ష ఉంది. గీజర్ ఆపేసి, షవర్ తల విప్పి, ఆ పైపు మూతికి టెఫ్లాన్ టేపు చుట్టి ఎండ్ క్యాప్ బిగించాలి. తర్వాత చన్నీళ్ళు షవర్ వైపు తిప్పి వదిలేయాలి. నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు కాబట్టి పైపులో ఒత్తిడి నిలుస్తుంది. మా ఇంట్లో గంట గడవకముందే షవర్ పైపు గోడలోకి వెళ్ళే చోట, గుండ్రటి స్టీలు బిళ్ళ వెనక నుంచి సన్నటి నీటి గీత ఒకటి టైల్ మీదకు జారింది. బిళ్ళ వెనక్కి లాగి టార్చి వేసి చూస్తే సిమెంటు తడిసి నల్లగా ఉంది, ఇత్తడి మరల చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంది. ఆ చిలుము ఒక్క రోజులో పట్టేది కాదు. పగలగొట్టి చూస్తే సీపీవీసీ ఎల్బో (పైపు మలుపు దగ్గర పెట్టే ప్లాస్టిక్ వంపు ముక్క) ఇత్తడి మర దగ్గర చీలి ఉంది. బిగించేటప్పుడే బలం ఎక్కువ పెట్టి ఉంటారని తర్వాత వచ్చిన ప్లంబర్ అన్నాడు. చీలిక తల ఎత్తుకు పైన, మచ్చేమో నేల దగ్గర. టైలుకూ ఇటుకకూ మధ్య నీళ్ళు జారి అడుగున చేరుతాయి కాబట్టే అందరికీ అది నేల చెమ్మలా కనిపించింది.

ఈ పరీక్షలో ఏమీ తేలకపోతే నేల సంగతి చూడాలి. నహానీ ట్రాప్‌ను, అంటే నేల మీది నీళ్ళు పోయే తూమును, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన గుడ్డతో గట్టిగా మూసి, గడప దాటకుండా అంగుళం నీళ్ళు నిలబెట్టి, మట్టం గుర్తు పెట్టి 24 గంటలు వదలండి. గోడలు తడపకుండా మెల్లగా పోయాలి, లేకపోతే తేడా తెలీదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గితే ఆవిరి అనుకోవచ్చు, అంతకు మించితే నేల అతుకుల్లోనో ట్రాప్ చుట్టూనో దారి ఉంది. నేల మీద నీళ్ళు తగ్గకుండా నిలబడితే ఇక మిగిలింది గోడ టైళ్ళ మధ్య వైట్ సిమెంటు. స్నానం చేసి గంటలు గడిచినా కొన్ని అతుకులు మాత్రమే నల్లగా తడిగా ఉంటే నీరు అక్కడి నుంచే లోపలికి పోతోంది. రూపాయి బిళ్ళతో టైళ్ళ మీద కొట్టి చూడండి. డొల్ల మోత ఒక్కటే వస్తే లీకేజీ అని కాదు, టైల్ వెనక సిమెంటు మాలు సరిగ్గా నింపకపోయినా వస్తుంది. డొల్ల మోతా, నల్లబడిన అతుకూ ఒకే చోట ఉంటే అప్పుడు పట్టించుకోవాలి.

షవర్ కట్టేశాక కాసేపు చుక్కలు పడితే భయం లేదు, తలలో మిగిలిన నీళ్ళే. రాత్రంతా పడుతుంటే మిక్సర్ లోపలి కాట్రిడ్జ్‌నో వాషర్‌నో మార్చాలి. సెకనుకో చుక్క పడినా రోజుకు ఇరవై లీటర్ల దాకా పోతాయి, అంటే ఒక బకెట్ పైమాటే. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఏ అతుకు దగ్గరైనా తెల్లటి పొర కడుతుంటే చుక్క కనబడకపోయినా చెమ్మ వస్తున్నట్టే. చుక్కగా రాలకముందే ఆరిపోయి ఉప్పు మిగులుతోందన్నమాట.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ఆ తడి మచ్చకు దగ్గర్లో స్విచ్ బోర్డు గానీ గీజర్ ప్లగ్గు గానీ ఉన్నా, ముట్టుకుంటే జివ్వుమన్నా, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పదేపదే పడిపోతున్నా ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ప్లంబర్ తర్వాత.

గోడకు డ్యాంప్ ప్రూఫ్ రంగు వేసేద్దామని పెయింటర్ అంటే ఇప్పుడే ఒప్పుకోకండి. మేం ఒకసారి వేయించాం. నీళ్ళు వచ్చే దారి అలాగే ఉండటంతో ఆరు నెలల్లో పొర మొత్తం లేచిపోయింది. లీకేజీ బాగుచేశాక కూడా మా గోడ ఆరడానికి రెండు నెలలు పట్టింది. ఆరిందో లేదో చూడటానికి పారదర్శకమైన పాలిథిన్ కవర్‌ను నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులు ఉంచాం. కవర్ లోపలి వైపు నీటి బిందువులు కడితే గోడలో ఇంకా తడి ఉన్నట్టు. అవి కట్టడం మానేశాకే లప్పం పెట్టించాం.

మీ పెన్సిల్ గీత ఎటు కదిలిందో, ఎండ్ క్యాప్ పరీక్షలో ఏం కనిపించిందో ఇక్కడే రాయండి. ఫోటో ఉంటే ఇంకా మేలు, చూసి నాకు తెలిసింది చెబుతాను.