పైలట్ అవగానే నెలకి ఐదు లక్షలు వస్తాయా?

ప్రశ్న: నేను తెనాలి దగ్గర గవర్నమెంట్ హైస్కూల్లో టీచర్ని. మా రెండో అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది, ఇంజనీరింగ్ వద్దు పైలట్ అవుతానని పట్టుబట్టింది. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళని కలిస్తే కోర్సు అవగానే నెలకి ఐదు లక్షలు, నెలలో సగం రోజులు ఇంట్లోనే అన్నారు. గుంటూరులో ఉన్న ప్లాటు అమ్మి, మిగతాది లోన్ తీసుకుందామనుకుంటున్నాను. వాళ్ళమ్మకేమో రాత్రి డ్యూటీలు, ఆరోగ్యం, రేపు పెళ్ళి అంటూ భయం. మొదటి నాలుగైదేళ్ళు నిజంగా ఎలా ఉంటాయి?

జవాబు: మాస్టారూ, ఆ ఐదు లక్షలు అబద్ధమేం కాదు, కాకపోతే అది ఎడమ సీట్లో కూర్చునే కెప్టెన్ జీతం, మీ అమ్మాయి కూర్చోబోయేది కుడి సీట్లో, కోపైలట్‌గా. కన్సల్టెన్సీ వాళ్ళు ఈ రెండు సీట్ల మధ్య ఉన్న ఏళ్ళని మింగేసి చెప్తారు. మీరు సరిగ్గా ఆ ఏళ్ళ గురించే అడిగారు కాబట్టి అక్కడి నుంచే మాట్లాడుకుందాం.

చేతికి సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, రావాలంటే డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పేపర్లు పాసవ్వాలి, 200 గంటలు ఫ్లయింగ్ చెయ్యాలి, పేపర్ మీద ఏడాదిన్నర అంటారు గానీ వాతావరణం, విమానాల రిపేర్లు, ఇన్‌స్ట్రక్టర్ల కొరత అన్నీ కలిపి చాలామందికి రెండేళ్ళు దాటుతుంది. దానికి ఇప్పుడు యాభై, అరవై లక్షలవుతోంది. ఆ తర్వాత ఎయిర్‌బస్ 320యో, బోయింగ్ 737యో, ఏటీఆరో ఏదో ఒక విమానం మీద టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక శిక్షణ, చెయ్యాలి, అది ఇంకో పదిహేను లక్షలు అటూ ఇటూ. ఎయిర్‌లైన్స్ వాళ్ళే మొదటి నుంచి ట్రైనింగ్ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రామ్ అయితే మొత్తం కలిపి కోటి, ఆ పైన. అందులో చేరితే ఉద్యోగం గ్యారంటీ అనుకునేరు, ఆ కాగితంలో షరతులు చదవండి, ప్రతి స్టేజీలో పాసైతేనే, అప్పటికి కంపెనీకి అవసరం ఉంటేనే అని ఉంటుంది.

అసలు నన్నడిగితే అన్నిటికన్నా కష్టమైన కాలం లైసెన్స్ వచ్చాక ఉద్యోగం వచ్చేదాకా ఉండేది. కొందరికి ఆరు నెలల్లో కాల్ వస్తుంది, కొందరు రెండేళ్ళు ఖాళీగా ఉంటారు, ఈ లోపు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడనప్పుడు పరికరాలు చూసి నడిపే అర్హత) ఏడాదికోసారి రెన్యూ చేయించుకోవాలి, దానికి మళ్ళీ డబ్బులు, మెడికల్ కూడా ఏటా. లెక్క వేసి చూపిస్తాను. 80 లక్షలు లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్ళు అనుకుంటే ఈఎంఐ నెలకి సుమారు లక్షా పదివేలు. ఉద్యోగం రాకముందే ఈఎంఐ మొదలైతే అది మీ టీచర్ జీతం మీదే పడుతుంది, అది గుర్తు పెట్టుకోండి.

ఇక ఉద్యోగం వచ్చిందనుకోండి. మొదట కొన్ని నెలలు ట్రైనింగ్, సిమ్యులేటర్, తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని ప్యాసింజర్లున్న ఫ్లైట్లు, ఈ కాలంలో చాలా చోట్ల స్టైపెండ్ మాత్రమే. రిలీజ్ అయ్యాక, అంటే ఆ ట్రైనింగ్ పూర్తయి మామూలు డ్యూటీలకి వదిలాక, జూనియర్ ఫస్ట్ ఆఫీసర్ (కోపైలట్‌లో మొదటి మెట్టు), ఇక్కడ కంపెనీని బట్టి లక్ష నుంచి లక్షన్నర, ఫుల్ ఫస్ట్ ఆఫీసర్ అయ్యాక రెండు, మూడు లక్షలు. ఇందులోంచి టీడీఎస్ పోవాలి. పైగా జీతంలో ఒక భాగమే ఫిక్స్‌డ్, మిగతాది ఎన్ని గంటలు ఎగిరితే అంత, ఆటో మీటర్ లాగా. నెలకి ఇన్ని గంటలకి డబ్బు ఖాయం అని కొన్ని కంపెనీలు ఇస్తాయి, ఆ సంఖ్య ఎంతో అడగాలి, ఎందుకంటే కోవిడ్ టైంలో మొదట కోత పడింది అక్కడే. జలుబు చేసి చెవులు మూసుకుపోయి వారం ఎగరలేకపోతే ఆ గంటల డబ్బు రాదు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు అందరూ పై లైన్‌లో ఉన్న మొత్తమే చూస్తారు, మీరు లెక్కల మాస్టారో తెలుగు మాస్టారో నాకు తెలియదు గానీ ఫిక్స్‌డ్ ఎంత అన్న లైన్ మీద మాత్రం వేలు పెట్టి చదవండి. బాండ్ ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది కూడా. డీజీసీఏ రూలు ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగం మారాలన్నా ఆరు నెలలు నోటీస్ ఇవ్వాలి, కెప్టెన్‌కైతే ఏడాది.

కెప్టెన్ ఎప్పుడవుతుంది అంటే, ఏటీపీఎల్‌కి, అంటే కెప్టెన్‌కి కావాల్సిన పెద్ద లైసెన్స్‌కి, 1500 గంటలు కావాలి, ఆ పైన కంపెనీ సొంత లెక్కలు, సీనియారిటీ, ఖాళీలు. విమానాలు వరసగా కొంటున్న కంపెనీలో నాలుగైదేళ్ళలో అయినవాళ్ళున్నారు, కంపెనీ పెరగకపోతే ఏడెనిమిదేళ్ళు అలాగే కుడి సీట్లో ఉన్నవాళ్ళూ ఉన్నారు. అది అమ్మాయి తెలివి మీద కన్నా ఆ కంపెనీ జాతకం మీద ఆధారపడుతుంది.

డ్యూటీల సంగతి. "నెలలో సగం రోజులు ఇంట్లో" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, రూలు ప్రకారం పైలట్ వారానికి 35, ఏడాదికి 1000 గంటలకి మించి ఎగరకూడదు. వారానికి 35 గంటలేనా, మా స్కూల్లోనే అంతకన్నా ఎక్కువ అనిపిస్తుంది మీకు. కానీ ఆ గంటలు విమానం కదిలినప్పుడే లెక్క. ఏటీఆర్ మీద హైదరాబాద్ బేస్‌లో (డ్యూటీలు మొదలయ్యే ఊరు) ఉన్న కొత్త కోపైలట్ రోజు ఎలా ఉంటుందో చూడండి. తెల్లవారుజామున మూడున్నరకి క్యాబ్ కింద హారన్ కొడుతుంది, అంటే లేచింది రెండున్నరకి, ఎయిర్‌పోర్ట్‌లో ముందు బ్రెత్ టెస్ట్, తర్వాత వాతావరణం, ఇంధనం కాగితాలు, తర్వాత పసుప్పచ్చ జాకెట్ వేసుకుని టార్చి పట్టుకుని వాన పడుతున్నా సరే విమానం చుట్టూ తిరిగి టైర్లు, ఇంజన్లు చూసుకోవాలి, ఈ పని చాలాసార్లు కోపైలట్‌దే. రాజమండ్రి, మళ్ళీ హైదరాబాద్, తిరుపతి, మళ్ళీ హైదరాబాద్, ప్రతి చోటా అరగంట లోపు ఆగడం, ఇడ్లీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పేపర్లు. రూమ్‌కి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఎగిరిన లెక్క చూస్తే నాలుగైదు గంటలే. నాలుగు రోజులు ఇలా తెల్లవారుజాము డ్యూటీలు చేశాక అయిదో రోజు సాయంత్రం మొదలయ్యే డ్యూటీ పడితే నిద్ర ఎప్పుడు పట్టాలో శరీరానికే అర్థం కాదు. స్టాండ్‌బై అని ఇంకోటుంది, ఫోన్ వస్తుందో రాదో తెలియదు, వస్తే మాత్రం గంట, గంటన్నరలో యూనిఫామ్‌తో అక్కడ ఉండాలి, కాబట్టి ఇల్లు ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లోనే తీసుకోవాలి, ముంబై బేస్ అయితే అంధేరి, మరోల్ అద్దెలు మీరు ఒకసారి చూడండి, ముగ్గురు నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకునేది అందుకే. బేస్ ఏదన్నది మొదట్లో మన చేతిలో ఉండదు.

కొంచెం మంచి మాట కూడా ఉంది. 2024 జనవరిలో డీజీసీఏ కొత్త విశ్రాంతి రూల్స్ తెచ్చింది, వారానికి వరసగా 36 గంటలు ఉండే రెస్ట్‌ని 48 చేశారు, రాత్రి అంటే పన్నెండు నుంచి ఆరు దాకా అన్నారు, అంతకుముందు అయిదు దాకానే, ఆ రాత్రి వేళలో ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించారు. కంపెనీలు వాయిదాల మీద వాయిదాలు అడిగి చివరికి కోర్టు దాకా వెళ్ళాక 2025 జూలైలో కొన్ని, నవంబర్‌లో మిగతావి అమల్లోకి వచ్చాయి. ఆ డిసెంబర్ మొదట్లో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో క్యాన్సిల్ అయ్యి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు మంత్రిగా రోజూ టీవీలో కనిపించారే, దాని వెనక ఉన్నది ఇదే, కొత్త రూల్స్‌కి సరిపడా పైలట్లని పెట్టుకోలేదు. అప్పుడు రాత్రి డ్యూటీ రూల్స్ నుంచి ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు, సెలవుని వారపు రెస్ట్ కింద లెక్కెయ్యకూడదు అన్న రూల్ని కూడా వెనక్కి తీసుకున్నారు. రూల్ కాగితం మీద ఉండటం వేరు, రోస్టర్‌లోకి (డ్యూటీల చార్టులోకి) రావడం వేరు అని మీ శ్రీమతిగారికి చెప్పండి, ఆవిడ భయంలో అర్థం ఉంది. కాకపోతే దిశ మాత్రం పైలట్ల వైపే ఉంది.

ఇంటికి రావడం గురించి. ఢిల్లీలో ఉంటే ఆ 48 గంటల్లో గన్నవరం వచ్చి తెనాలి చేరి అమ్మ చేతి అన్నం తిని పడుకుని మళ్ళీ బయల్దేరాలి. స్టాఫ్ టికెట్ ఉంటుంది గానీ అది సీటు ఖాళీ ఉంటేనే, సంక్రాంతికి ఖాళీ ఎక్కడిది? సెలవులు కూడా సీనియర్లకే ముందు. మొదటి మూడు నాలుగు పండగలు తను లేకుండానే అనుకోండి.

పెళ్ళి గురించి నేనేం చెప్పను, అది మీ ఇంటి విషయం. ఒక్కటి మాత్రం, మన దేశంలో పైలట్లలో ఆడవాళ్ళు 15 శాతం దాకా ఉన్నారు, ప్రపంచం మొత్తం మీద చూస్తే 5 శాతం దగ్గర్లో, కాబట్టి మీ అమ్మాయి ఏదో వింత పని చేస్తున్నట్టు చుట్టాలు మాట్లాడితే పట్టించుకోకండి. జీతం కూడా ర్యాంకుని, సీనియారిటీని బట్టే, ఆడా మగా తేడా లేదు.

ఇంకో భయం నాది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. ఆగినప్పుడల్లా వందలమంది అనుభవం ఉన్న పైలట్లు ఒక్కసారి మార్కెట్లోకి వస్తారు, అప్పుడు 200 గంటల కొత్తవాళ్ళని ఎవరు పిలుస్తారు చెప్పండి. అందుకే పక్కన ఇగ్నోలోనో ఎక్కడో దూరవిద్యలో డిగ్రీ చేయిస్తూ ఉండండి, ఉద్యోగం వచ్చాక లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ తప్పక తీయించండి, ఎందుకంటే మెడికల్ ఒక్కసారి అన్‌ఫిట్ అయితే జీతం ఆగిపోతుంది, ఈఎంఐ ఆగదు.

మరి పంపించాలా వద్దా? ప్లాటు మొత్తం అమ్మినా ఇల్లు నడుస్తుంది, ఇంకో రెండేళ్ళు ఉద్యోగం లేకపోయినా ఈఎంఐ కట్టగలం అంటే పంపించండి. ప్లాటు, రిటైర్‌మెంట్ డబ్బులు, ఉన్న ఇల్లు మూడూ పెడితేనే సరిపోతుంది అంటే ఈ ఏడాది వద్దంటాను. పెద్దమ్మాయి ఖర్చులు ఏమైనా మిగిలి ఉన్నాయేమో అది కూడా ఈ లెక్కలో వెయ్యండి.

ఈలోపు కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఒక్క రూపాయి కట్టకండి. ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్, ఆ వెంటనే క్లాస్ 1, దానికి బెంగళూరులో ఎయిర్ ఫోర్స్ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. కళ్ళజోడు ఉన్నా పర్వాలేదు, రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం కష్టం. అది క్లియర్ అయ్యాక ఇంట్లో కూర్చునే నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లు రాయించండి, దీనికంతా అయ్యేది మొత్తం ఖర్చులో చిన్న ముక్క. ఆ పేపర్లు పాసైతే రిజల్ట్ నాకు పంపండి, ఏ ఫ్లయింగ్ స్కూల్లో విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, ఎక్కడ షెడ్డులో ఉన్నాయో అప్పుడు మాట్లాడదాం.