ఇంగ్లీష్ వన్: ఆనర్సా, ఆన్‌లెవెలా? వేవర్ ఫారంపై సంతకానికి ముందు

ప్రశ్న: మేం డాలస్ శివార్లలో ఉంటాం. అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆల్జీబ్రా వన్ ఈ ఏడే పూర్తవుతుంది. తొమ్మిదిలో జామెట్రీ ఆనర్స్‌కు (పై స్థాయి క్లాసు) టీచర్ సరేనన్నారు గానీ ఇంగ్లీష్‌కు మాత్రం ఆన్‌లెవెల్ (మామూలు స్థాయి) అని రాశారు. తన స్నేహితులంతా ఆనర్సే. వేవర్ ఫారంపై సంతకం పెడితే టీచర్ వద్దన్నా వేస్తారట. మా డిస్ట్రిక్ట్‌లో ఆనర్స్‌లో ‘ఎ’ గ్రేడుకు 4.5 పాయింట్లు, ఆన్‌లెవెల్ ‘ఎ’కి 4.0. ఇప్పుడు వెనకబడితే ర్యాంకు పోతుందని, ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లీష్‌కు దారి మూసుకుపోతుందని భయంగా ఉంది. రోజుకో గంట ట్యూటర్‌ను పెట్టాం, ఇంట్లో తెలుగు కూడా తగ్గించాం. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అడిగింది ఆనర్సా, ఆన్‌లెవెలా అని. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఈ బస్సు తప్పితే మరో బస్సు లేదన్న భయం. ముందు దాని సంగతి చూద్దాం.

టెక్సస్‌లో హైస్కూలు డిప్లొమాకు నాలుగు ఇంగ్లీష్ క్రెడిట్లు కావాలి. ఇంగ్లీష్ వన్ ఏ స్థాయిలో చదివినా ఒక క్రెడిట్టే. రెండు క్లాసులకూ రాష్ట్రం పెట్టిన పాఠ్య ప్రమాణాలు ఒకటే, చివర్లో రాసే రాష్ట్ర పరీక్ష ‘స్టార్’ కూడా ఒకటే. ఏపీ ఇంగ్లీష్ లాంగ్వేజ్‌కు ముందు ఫలానా కోర్సు చదివి ఉండాలని, ఏపీ కోర్సులు నడిపే కాలేజ్ బోర్డు షరతేమీ పెట్టలేదు. స్కూలు పెట్టుకోవచ్చు. అందుకని మీ హైస్కూలు కోర్స్ కేటలాగ్ తీసి, ఆ కోర్సు కింద ‘ప్రీరిక్విజిట్’ (ముందు చదివి ఉండాల్సింది) దగ్గర ఏముందో చదవండి. ‘రికమెండెడ్’ అని ఉంటే అది సలహా. ‘రిక్వైర్డ్’ అని ఉంటేనే అడ్డు, అప్పుడు కూడా పదో తరగతిలో ఆనర్స్‌కు మారవచ్చేమో కౌన్సెలర్‌ని అడగండి.

ఇక ర్యాంకు. ఏడాదికి ఏడు కోర్సుల చొప్పున నాలుగేళ్లకు 28. ఒక్క ఇంగ్లీష్ వన్‌లో అర పాయింటు ఎక్కువ వస్తే మొత్తం జీపీఏ (గ్రేడు పాయింట్ల సగటు) పెరిగేది 0.5ను 28తో భాగించినంత, అంటే సుమారు 0.018. అదే ఆనర్స్‌లో ‘బి’ వస్తే 3.5, ఆన్‌లెవెల్ ‘ఎ’ కన్నా అర పాయింటు తక్కువ. పోటీ గట్టిగా ఉన్న స్కూళ్లలో 0.018కి కూడా ర్యాంకు మారుతుంది, ఆ మాట దాచను. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) స్కూలు ర్యాంకును బట్టి నేరుగా ఇచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్‌ను 2026 ఫాల్ నుంచి టాప్ 6 శాతం నుంచి 5 శాతానికి కుదించింది కాబట్టి మీ ఆందోళన ఊరికే పుట్టింది కాదు. కానీ ఆ అడ్మిషన్ యూనివర్సిటీలోకే గానీ కోరుకున్న మేజర్‌లోకి కాదు. కంప్యూటర్ సైన్స్ కావాలంటే పిల్ల రాసిన వ్యాసాలు కూడా చూస్తారు. పైగా ఆ లెక్క పనికొచ్చేది ఆనర్స్‌లో ‘ఎ’ వస్తేనే. వస్తుందా రాదా అన్నది మీకన్నా, నాకన్నా ఆ టీచర్‌కి బాగా తెలుసు. ఏడాదిగా మీ అమ్మాయి రాసింది దిద్దుతున్నది ఆవిడే.

రెండు క్లాసుల మధ్య అసలు తేడా పుస్తకాల్లో లేదు. రెండింటిలోనూ ఒక షేక్‌స్పియర్ నాటకం, కొన్ని చిన్న కథలు, ప్రసంగాలు ఉంటాయి. సాధారణంగా ఆన్‌లెవెల్‌లో చాలా భాగం క్లాసులోనే చదివిస్తారు, వ్యాసానికి అవుట్‌లైన్ ఇస్తారు, వాక్యం ఎలా మొదలెట్టాలో కూడా చూపిస్తారు. ఆనర్స్‌లో చదవడం ఇంటి పని, చాలాచోట్ల వేసవిలోనే ఒక పుస్తకం. క్లాసులో ప్రశ్న ఇచ్చి ఒక పీరియడ్‌లో వ్యాసం రాయమంటారు. పట్టుకోవడానికి ఊతకర్ర ఉండదు.

ఆ రాతలో ఏం చూస్తారో ఒక ఉదాహరణతో చెబుతాను. కథలో ఒక తల్లి, కొడుకు పోయి ఏడాదైనా, రాత్రి భోజనానికి రెండు కంచాలు పెడుతోంది అనుకోండి. ఒక విద్యార్థి ఇలా రాస్తుంది: “రచయిత ఇక్కడ సింబలిజం వాడారు. కంచం కొడుకుకు గుర్తు. ఇది పాఠకులకు బాధ కలిగిస్తుంది.” మరొకరు ఇలా రాస్తారు: “తల్లి కథంతటిలో కొడుకు పేరు ఒక్కసారి కూడా ఎత్తదు. నోటితో అనలేనిది చేత్తో చేస్తోంది. చివర్లో రెండో కంచం కడిగి బోర్లించినప్పుడు ఆమె మరిచిపోలేదు, ఒప్పుకుంది.” మొదటిదానిలో తప్పులేమీ లేవు, గ్రామర్ సరిగ్గానే ఉంది. అయినా మార్కులు రావు, ఎందుకంటే ఆ మూడు వాక్యాలూ ఏ కథకైనా అతుకుతాయి. కథలోంచి ఎత్తి రాసిన ప్రతి మాటకూ కనీసం రెండు వాక్యాల సొంత వివరణ కావాలని చాలామంది టీచర్లు అడుగుతారు. లెక్కల్లో చురుగ్గా ఉండి ఇంగ్లీష్‌లో 78 దగ్గర ఆగిపోయే మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వాళ్లకు మాటలు తక్కువై కాదు, కథ చెప్పేస్తే పని అయిపోయిందనుకుంటారు.

కాబట్టి ఫారం ఇచ్చేలోపు ఒక శనివారం ఈ పని చేయండి. తను చదవని రెండు మూడు పేజీల కథ ఒకటి ఇవ్వండి. ఫోన్ పక్కన పెట్టించి, ట్యూటర్ లేకుండా 45 నిమిషాలు. ‘ఈ పాత్ర ఎందుకు మారింది?’ అన్న ప్రశ్నకు పది వాక్యాల పేరా రాయమనండి. తర్వాత రెండు రంగుల పెన్నులతో గీయండి: కథ తిరిగి చెప్పిన వాక్యాలు ఒక రంగు, ‘ఎందుకు’ చెప్పినవి మరో రంగు. రెండో రంగు నాలుగైదు వాక్యాలకు పడితే ఆనర్స్‌లో నిలబడుతుంది, ఆ పేపరే పట్టుకెళ్లి టీచర్‌తో మాట్లాడండి. ఒకటో రెండో అయితే తొమ్మిదో తరగతి ఆ పని నేర్చుకోవడానికే ఉంచండి.

ఇప్పుడు ట్యూటర్ సంగతి. ఏ సబ్జెక్టైనా ఆనర్సే, వెనకాల ట్యూటరే అన్న ఈ పద్ధతి మీద నాకు గట్టి అనుమానమే ఉంది. జరిగేది ఇదీ: ఇంట్లో రాసిన వ్యాసాన్ని ట్యూటర్ ‘చూస్తాడు’. చూడటం దిద్దడమవుతుంది, దిద్దడం తిరగరాయడమవుతుంది. ఇంటి వ్యాసానికి 95, క్లాసులో రాసినదానికి 74. ఆ రెండూ పక్కపక్కన కనిపించగానే టీచర్‌కు అర్థమైపోతుంది. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఏ పేరా ఎప్పుడు అతికించారో కూడా కనిపిస్తుంది. ఇంత కష్టమూ పడి పిల్ల నేర్చుకునేది ఒక్కటే, తన మాట పనికిరాదని. ఏపీ పరీక్షలో మూడు వ్యాసాలకు రెండుంబావు గంటలు. అక్కడ పక్కన ఎవరూ కూర్చోరు.

మరో మాట, కాస్త కటువుగానే అంటున్నాను, ఏమీ అనుకోకండమ్మా. ఇంట్లో తెలుగు తగ్గించడం పొరపాటు. పిల్లకు లోపించింది ఇంగ్లీష్ కాదు. పుట్టి పెరిగిన ఊళ్లో మాట్లాడే భాష అది. కావాల్సింది ‘ఎందుకు’ అని ఆలోచించి చెప్పే అలవాటు, అది ఏ భాషలోనైనా వస్తుంది. అన్నం తినేటప్పుడు చదివిన చాప్టర్ తెలుగులో చెప్పమనండి. “వాడు అలా ఎందుకు చేశాడంటావు?” అని అడిగి, సమాధానం వచ్చేదాకా మీరు ఊరుకోండి. ట్యూటర్ గంట కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. స్నేహితులంతా ఆనర్స్ అన్నారు. వాళ్ల మార్కులు మీకు తెలుసా? వాట్సాప్ గ్రూపులో ఏ క్లాసులో చేరారో చెబుతారు గానీ అక్టోబర్‌లో వచ్చిన 72 చెప్పరు. మీ లేఖ మొత్తంలో అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ముందు తనను అడగండి.

తను కావాలంటే, పేపరూ సరే అంటే ఆనర్స్‌లో వేయండి, సందేహం వద్దు. లేకపోతే ఆన్‌లెవెల్‌లో వేసి, ఆగస్టు దాకా రోజూ ఇరవై నిమిషాలు తనకు నచ్చిన పుస్తకం, వారానికి ఒక పేరా. అంతే చాలు, వ్యాకరణం వర్క్‌బుక్కులు వద్దు.

ఏ ఫారం ఇచ్చినా కౌన్సెలర్‌కు ఈ మూడు ప్రశ్నలు ఈమెయిల్‌లోనే పంపండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. స్థాయి మార్చుకోవడానికి చివరి తేదీ ఏది? ఆనర్స్ నుంచి దిగితే అక్కడి మార్కు వెంట వస్తుందా, వస్తే ఏమైనా కలుపుతారా? ఆన్‌లెవెల్‌లో బాగా చేస్తే రెండో సెమిస్టర్‌లో పైకి వెళ్లవచ్చా, పదో తరగతి దాకా ఆగాలా? రెండో ప్రశ్న అడగకుండా వేవర్ మీద సంతకం పెట్టకండి. చాలా స్కూళ్లలో ఆ ఫారంలోనే, కింద చిన్న అక్షరాల్లో, ఫలానా తేదీ దాకా క్లాసు మార్చుకోనని మీరు ఒప్పుకున్నట్టు రాసి ఉంటుంది.