సీజన్ మారినప్పుడల్లా పిల్లలకు జలుబు, జ్వరం: పౌడర్ కొనేముందు కూరగాయల సంచి తూకం చూడండి

మీరు హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటున్నామని, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలని, ఎండలు పోయి వానలు మొదలైనా, వానలు పోయి చలి మొదలైనా పిల్లల్లో ఎవరో ఒకరు పడకేస్తున్నారని రాశారు. ఇమ్యూనిటీ పౌడర్ కొనాలా, పొద్దున్నే తిప్పతీగ కషాయం మొదలుపెట్టాలా, షుగర్ మాత్రలు వేసుకుంటున్న అత్తగారికి కాకరకాయ రసం ఇవ్వొచ్చా, అసలు ఏ కాలంలో ఏం తినాలి అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి, అత్తమామలతో, పిల్లలతో సంసారం చేస్తున్నదాన్ని. మా ఇంట్లో పనికొచ్చినవి, చదివి తెలుసుకున్నవి చెప్తాను.

పౌడర్ వద్దండి. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరేడుసార్లు జలుబు రావడం మామూలేనని పిల్లల డాక్టర్లే చెప్తారు. దానికి డబ్బాలో మందు లేదు. జ్వరం మూడు రోజులు దాటినా, పిల్ల సరిగ్గా తినక బరువు తగ్గుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆయాసం వస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్లాలి. మిగతాదంతా ఇంట్లో వంట సంగతే.

మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పే మార్గదర్శకాలు ఇక్కడి నుంచే వస్తాయి. 2024లో వాళ్లు ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. అంటే మీ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లకే వారానికి ఎనిమిది కిలోలకు పైగా కూరగాయలు పట్టాలి. పిల్లల వాటా దీనికి అదనం. ఈ వారం మీ ఇంటికి వచ్చిన సంచి ఒకసారి తూచి చూడండి. నాకు తెలిసిన ఉద్యోగస్తుల ఇళ్లలో చాలావరకు అందులో సగం కూడా ఉండదు. ఉన్నదాంట్లోనూ ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాటానే ఎక్కువ.

ఏ కాలంలో ఏం తినాలన్నదానికి రైతు బజారే జవాబు. మీకు కూకట్‌పల్లిది దగ్గర, మాకు ఎర్రగడ్డది. ధరల బోర్డు మీద ఏది బాగా దిగిందో అదే ఆ కాలపు కూర. యాప్‌లో అన్నీ అన్ని కాలాల్లోనూ కనిపిస్తాయి కాబట్టి మనకు కాలం తెలియకుండా పోయింది. కుదిరితే ఆదివారం పొద్దున పిల్లల్ని తీసుకుని వెళ్లండి. తామే ఏరి తెచ్చిన బెండకాయ మీద వాళ్లకు కాస్త ప్రేమ ఉంటుంది. మా చిన్నవాడు అలాగే తినడం మొదలుపెట్టాడు.

ఎండాకాలంలో ఈ ఊరు నలభై డిగ్రీలు దాటుతుంది, ఎవరికీ ఆకలి ఉండదు. అప్పుడు మా అత్తమ్మ చేసే జొన్న అంబలి మా ఇంటిని నిలబెడుతుంది. ఆమెది మహబూబ్‌నగర్ వైపు పల్లె. రాత్రి జొన్నపిండిని నీళ్లలో జారుగా కలిపి మూతపెట్టి ఉంచుతుంది. తెల్లారేసరికి కొంచెం పులిసిన వాసన వస్తుంది. నీళ్లు మరిగించి, ఆ పిండి నీళ్లను ఒక చేత్తో సన్నగా పోస్తూ, ఇంకో చేత్తో ఉండ కట్టకుండా కలుపుతూనే ఉంటుంది. పచ్చివాసన పోయి గరిటెకు పట్టేదాకా ఉడికించి దించుతుంది. పూర్తిగా చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కాస్త వేయించిన జీలకర్ర. పిల్లలకైతే జొన్నల బదులు తైదపిండితో, అదేనండి, రాగిపిండితో చేయండి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. పొద్దున మీరు ఆఫీసుకు వెళ్లేముందు కాచి పెడితే మధ్యాహ్నం అత్తగారు, పిల్లలు తాగేస్తారు. ఉప్పు మాత్రం చూసి వేయండి. మనిషికి రోజంతటికీ కలిపి ఐదు గ్రాములకు మించొద్దంటారు, అంటే ఒక టీ స్పూను. పచ్చళ్లు తినే మన ఇళ్లలో అది సులువుగా దాటిపోతుంది.

వేసవి మొదట్లో వచ్చే చింతచిగురును వదలకండి. మొదటి వారాల్లో ధర మండిపోతుంది, కొంచెం ఆగితే దిగుతుంది. పుల్లలు ఏరేసి, ఆకును అరచేతుల మధ్య నలిపి కందిపప్పులో వేస్తే పులుపు వేరే అక్కర్లేదు. తాటిముంజలు, పుచ్చకాయ, మామిడికాయ పప్పు ఎలాగూ ఉంటాయి. రోడ్డు మీద చెరుకురసం తాగాలనిపిస్తే ఐస్ వద్దని చెప్పండి. ఆ ఐస్ ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు.

వానాకాలంలో తిండి కంటే నీళ్ల మీద కన్ను ఉండాలి. జూన్ మొదట్లో మృగశిర కార్తె రోజున రాంనగర్ మార్కెట్‌లో చేపల కోసం జనం కిక్కిరిసిపోతారు. కొర్రమీను ధర ఆ రోజు ఆకాశాన్నంటుతుంది. చేప తిననివాళ్లు బెల్లంలో ఇంగువ కలుపుకుని తింటారు. ఆ ఒక్క రోజు తింటే ఏడాదంతా జబ్బులు రావన్నది పెద్దల నమ్మకం, కాదనను. కానీ తినేవాళ్లయితే వారానికోసారి చేప వండుకోవడంలోనే అసలు లాభం ఉంది. ఆ ఒక్క రోజు క్యూలో నిలబడకపోయినా ఏం కాదు.

నీళ్లు తెర్లుతూ బుడగలు వచ్చాక కనీసం ఒక నిమిషం కాగనివ్వండి. తొలివానలకు డ్రైనేజీ నీళ్లు పైపుల్లో కలిసే ప్రమాదం ఉంటుంది, అపార్ట్‌మెంట్ సంపు కూడా ఒకసారి కడిగించమని అసోసియేషన్ వాళ్లను అడగండి. బయటి పానీపూరి, కోసి పెట్టిన పండ్లు వానలు తగ్గేదాకా మానిపించండి. పాలకూర, తోటకూర ఆకులకు మట్టి అంటుకుని వస్తుంది, నాలుగైదు నీళ్లు మారేదాకా కడగాలి. తీగకూరగాయలు బాగా వస్తాయి కాబట్టి మేము సొరకాయ, బీరకాయ, కాకరకాయ, దొండకాయ ఎక్కువ వండుకుంటాం. జూన్, జూలైల్లో నేరేడుపండ్లు దొరుకుతాయి.

పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు ముందే ఉండాలి. ఇది కాస్త శ్రద్ధగా చదవండి. టెట్రా ప్యాక్‌లో తియ్యటి డ్రింకులు ఏళ్ల తరబడి ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మన హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్లకేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆవిడకు ఎంత రుణపడి ఉన్నామో తల్లులందరికీ తెలియాలి. మీరు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో ఒకేసారి కలపాలి, కొంచెం కొంచెంగా కాదు. అర్ధరాత్రి ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. డాక్టర్ జింక్ రాస్తే విరేచనాలు ఆగిపోయినా చెప్పినన్ని రోజులూ వేయాలి.

దసరా రోజుల్లో సీతాఫలాలు, బతుకమ్మ సత్తుపిండి. మక్కలు, నువ్వులు, పల్లీలతో చేసే ఆ సత్తుపిండి కంటే మంచి స్నాక్ బజార్లో దొరకదు, బెల్లం కొంచెం తగ్గించి చేసి పిల్లల డబ్బాలో పెట్టండి. అత్తగారికి సీతాఫలం అరపండు ఇస్తే సరిపోతుంది.

చలికాలం మన ఊరికి అన్నిటికంటే మంచి కాలం. అన్ని ఆకుకూరలూ లేతగా, చవగ్గా వస్తాయి. మెంతికూర, చిక్కుడుకాయ, అనపకాయలు, క్యారెట్, ఉసిరికాయ అన్నీ ఒక్కసారే దిగుతాయి. జలుబు చేస్తుందని ఈ కాలంలో పిల్లలకు జామకాయ పెట్టరు చాలామంది. పెట్టండి. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాముల పైనే విటమిన్ సి ఉంటుంది, కమలాపండులో ఉండేదానికి దాదాపు నాలుగింతలు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, పండు వల్ల కాదు. సంక్రాంతి సకినాల్లో నువ్వులు, వాము ఉంటాయి కానీ నూనెలో వేగినవే కాబట్టి లెక్క చూసుకుని తినాలి.

అన్ని కాలాలకూ పనికొచ్చే అలవాటు ఒకటుంది. మా అత్తమ్మకు రక్తం తక్కువని డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. అన్నం తిన్న చేత్తోనే చాయ్ కప్పు పట్టుకోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. చాయ్‌లో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని పోషకాహార సంస్థ కూడా చెప్తుంది. చాయ్ మానమంటే ఆమె వినదు కాబట్టి నాలుగు గంటలకు మార్చాం. పాలకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండుతున్నాం, నిమ్మరసంలోని విటమిన్ సి వల్ల ఆకుకూరలో ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. మాత్రలతో పాటు ఇవి కూడా చేశాక తర్వాతి పరీక్షలో హిమోగ్లోబిన్ పెరిగింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. మీ ఇంట్లో ఎవరు తిన్న వెంటనే చాయ్ తాగుతున్నారో గమనించండి.

ఇక తిప్పతీగ. రోజూ వద్దు. కోవిడ్ సమయంలో అది అదేపనిగా వాడి లివర్ దెబ్బతిన్న రోగుల గురించి ముంబయి డాక్టర్లు 2021లో వైద్య పత్రికలో రాశారు. ఆకు మనదే, పెరట్లోదే అయినా మందు మందే. గొంతు గరగరగా ఉన్నప్పుడు మిరియాలు, పసుపు వేసిన పాలు తాగితే హాయిగా ఉంటుంది, అది తప్పులేదు. తేనె ఏడాది నిండని పిల్లలకు మాత్రం చుక్క కూడా పెట్టకూడదు.

మీ అత్తగారి విషయం చివరికి పెట్టాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే అదే టెన్షన్‌గా అనిపించింది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు పరగడుపున కాకరకాయ రసం తాగితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మీరిద్దరూ ఆఫీసులో ఉంటారు, ఆవిడకు కళ్లు తిరిగితే చూసేవాళ్లు ఉండరు. చెమటలు, చేతులు వణకడం, గాభరా కనిపిస్తే వెంటనే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగాలని ఆవిడకూ పిల్లలకూ చెప్పి ఉంచండి. కిడ్నీ పరీక్ష చేయించి చాలా రోజులైతే కొబ్బరినీళ్లు రోజూ ఇచ్చేముందు కూడా డాక్టర్‌ని అడగండి, వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే అది ఒంట్లో పేరుకుంటుంది. కాకరకాయ అంత ఇష్టమైతే చింతపండు, ఉల్లికారం పెట్టి కూర చేయండి, మధ్యాహ్నం జొన్నరొట్టెతో తింటారు.